బందరు కోటను గెలిచింది సముద్రమే

మచిలీపట్నం: బురుజులు, రాజమహళ్లు చూద్దామని బందరు కోటకు వచ్చేవారికి కొంత నిరాశ తప్పదు. ఊరి చివర సముద్రం వైపున్న ఈ చోట మిగిలినవి కొద్దిపాటి పాత కట్టడాలే. అయినా కథ తెలుసుకుని చూసేవారికి ఇది చూడదగిన చోటు.

ఈ కోటకు మూలం రాజులు కారు, వర్తకులు. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు పెద్ద రేవు. ఇక్కడి అద్దకం బట్టల కోసం 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు, ఆ తరువాత ఫ్రెంచివారు వచ్చారు. మన పెద్దలు డచ్చివారిని వలందులని, ఫ్రెంచివారిని పరాసులని పిలిచేవారు. వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అనే పేటలు నేటికీ పట్నంలో ఉన్నాయి.

1759లో కోట ఫ్రెంచివారి చేతిలో ఉంది. అంతకు ముందు డిసెంబరులో చందుర్తి వద్ద వారిని ఓడించిన కర్నల్ ఫోర్డు ఇక్కడికి వచ్చి ముట్టడి వేశాడు. లోపలి బలగం తన బలగం కన్న ఎక్కువే. అయినా ఏప్రిల్ 7 రాత్రి దాడి చేసి, తెల్లవారేసరికి కోటను వశం చేసుకున్నాడు. దానితో ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారి పెత్తనం ముగిసి, ఆంగ్లేయులకు దారి ఏర్పడింది.

అంత పోరాడి సంపాదించిన కోటను ఆంగ్లేయులు నిలుపుకోలేకపోయారు. 1864 నవంబరు 1 రాత్రి తుపానుతో పాటు ఉప్పెన వచ్చి ఊరిని ముంచివేసింది. సుమారు 30 వేల మంది చనిపోయారు. మరుసటి సంవత్సరం సైన్యాన్ని ఇక్కడి నుంచి తరలించారు. అంతటితో కోట పాడుపడింది.

ఈ సంగతి తీర గ్రామాలవారికి కొత్త కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. రెండుసార్లూ వచ్చింది నవంబరులోనే.

ఏటా కార్తీకంలో మంగినపూడి సముద్ర స్నానాలకు, చిలకలపూడి పాండురంగని దర్శనానికి వేలాదిమంది బందరు వస్తారు. వారు ఒక గంటసేపు కోట వద్ద ఆగి పిల్లలకు ఈ కథ చెబితే మేలు. గోడల మీద పేర్లు చెక్కకుండా, ఇటుకలు పీకకుండా చూసుకోవలసిన బాధ్యత కూడా చూడవచ్చినవారిదే. ఫిరంగులకు కాపలా కాసిన గోడలే నీటికి తలవంచాయి. తుపాను హెచ్చరిక విన్నప్పుడు ఇల్లు విడవడానికి వెనుకాడే వారికి ఈ శిథిలాలు చెప్పే మాట అదే.