వర్క్‌షాప్‌లో స్మార్ట్‌వాచ్ వద్దు.. గోడ గడియారమే బెస్ట్!

ఇంటి వెనక షెడ్‌లో డ్రిల్లింగ్ చేస్తుంటే నా స్మార్ట్‌వాచ్ స్ట్రాప్ తిరుగుతున్న బిట్‌కు చుట్టుకున్నంత పనైంది. వెంట్రుకవాసిలో చెయ్యి బయటపడింది. అప్పటి నుంచి మెషీన్ దగ్గర వాచ్, ఉంగరం ఏవీ పెట్టుకోను. టైమ్ కోసం ఫోన్ ముట్టుకుందామంటే చేతులనిండా ఎపాక్సీ. అందుకే గోడ గడియారం కొన్నా.

మీరూ కొంటే ఇవి చూడండి. డయల్ 12 అంగుళాలైనా ఉండాలి. తెలుపు మీద నల్లటి పెద్ద అంకెలైతే షెడ్ ఆ చివర నుంచి కూడా కనిపిస్తాయి. సెకన్ల ముల్లు తప్పనిసరి. 5 నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ కలిపాక ప్రతి అర నిమిషమూ లెక్కే మరి! ముందు గాజుకు బదులు యాక్రిలిక్ ఉంటే, కింద పడినా పెంకులు ఎగరవు.

వైఫై అక్కర్లేదు. మామూలు క్వార్ట్జ్ గడియారంలో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. నెలకు తేడా వచ్చేది కొన్ని సెకన్లే. ఒక్క ఏఏ సెల్ చాలు, కరెంటు పోయినా ఆగదు. ఆ సెల్ లీకయ్యేదాకా ఉంచకుండా ఏడాదికోసారి మార్చేయండి.

నా స్మార్ట్‌వాచ్ సంగతంటారా? షెడ్ తలుపు పక్కనే దానికో మేకు కొట్టా!