నావికా సాగర పరిక్రమ

నావికా సాగర పరిక్రమ అనునది భారత నౌకాదళమునకు చెందిన ఆరుగురు మహిళా అధికారులు ఐ.ఎన్.ఎస్.వి. తారిణి అను తెరచాప నౌకపై 2017-18లో చేసిన భూప్రదక్షిణ యాత్ర. పూర్తిగా మహిళలే నడిపిన నౌకపై భారతీయులు భూమిని చుట్టివచ్చుట ఇదే ప్రథమము. సిబ్బందిలో ఇద్దరు తెలుగు ప్రాంతమువారు: విశాఖపట్నమునకు చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య.

నేపథ్యము

తెరచాప నౌకపై ఒక భారతీయుడు ఒంటరిగా భూమిని చుట్టిరావలెనను ఆలోచన విశ్రాంత వైస్ అడ్మిరల్ మనోహర్ అవతిది. ఈ పనికి స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన దిలీప్ దోండే 2009-10లో నాలుగు చోట్ల ఆగుతూ యాత్ర పూర్తిచేశాడు. 2012-13లో అభిలాష్ టోమీ ఎక్కడా ఆగకుండా చుట్టివచ్చాడు. వీరిద్దరి నౌక 'మాదేయి'. మహిళల బృందము కూడ మొదట ఈ నౌకపైనే శిక్షణ పొంది, 2016లో మారిషస్, కేప్ టౌన్ వరకు ప్రయాణించినది. ఇట్టి యాత్రలకు ఎవరినీ బలవంతముగా పంపరు. ముందుకు వచ్చిన అధికారులనుండే ఎంపిక జరుగును.

నౌక, సిబ్బంది

తారిణి పొడవు సుమారు 55 అడుగులు (17 మీటర్లు), తెరచాప స్తంభము ఎత్తు 25 మీటర్లు. గోవాలోని అక్వేరియస్ షిప్‌యార్డులో నిర్మించిన ఈ నౌక 2017 ఫిబ్రవరి 18న నౌకాదళములో చేరినది. నాయకురాలు వర్తికా జోషి. స్వాతి, ఐశ్వర్యలతో పాటు ప్రతిభా జమ్వాల్, విజయాదేవి, పాయల్ గుప్తా సభ్యులు.

భూప్రదక్షిణ అనగా ఏమి?

ఉత్తర ధ్రువము చుట్టూ నాలుగడుగులు తిరిగినను అన్ని రేఖాంశములను దాటినట్లే అగును. కాబట్టి దీనికి కొన్ని నియమములు గలవు. నౌక బయలుదేరిన రేవుకే తిరిగి రావలెను. అన్ని రేఖాంశములను, భూమధ్యరేఖను కనీసము రెండుమార్లు దాటవలెను. సూయెజ్, పనామా వంటి కాలువలలో పోరాదు. కనీసము 21,600 నాటికల్ మైళ్ళు ప్రయాణించవలెను. ఈ సంఖ్య ఎట్లు వచ్చినదో విద్యార్థులు సులభముగా గ్రహింపవచ్చును. వృత్తమునకు 360 డిగ్రీలు, డిగ్రీకి 60 నిమిషములు, నిమిషమునకు ఒక నాటికల్ మైలు (1.852 కి.మీ.). ఈ లెక్కన భూమి చుట్టుకొలత సుమారు 40,000 కి.మీ.

యాత్రామార్గము

2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరిన తారిణి ఫ్రీమాంటిల్ (ఆస్ట్రేలియా), లిటెల్టన్ (న్యూజిలాండ్), పోర్ట్ స్టాన్లీ (ఫాక్‌లాండ్ దీవులు), కేప్ టౌన్ (దక్షిణాఫ్రికా) రేవులలో ఆగినది. దక్షిణార్ధగోళములో 40 డిగ్రీల అక్షాంశమునకు దిగువన పడమటి గాలులు అడ్డులేక వీచును. అందుచేతనే తెరచాప నౌకలు ఈ దారిన తూర్పుదిశగా సాగును. పసిఫిక్ మహాసముద్రములో 60 నాట్లకు (గంటకు 110 కి.మీ.) పైబడిన గాలులను ఎదుర్కొని, 2018 జనవరిలో ఈ బృందము హార్న్ అగ్రమును దాటినది. అక్కడ ప్రమాదము జరిగినచో సాయము అందుటకు దినములు పట్టును. తిరుగు ప్రయాణములో చుక్కాని యంత్రాంగము చెడిపోగా, ప్రణాళికలో లేని మారిషస్‌లో ఆగి మరమ్మతు చేయించుకొనవలసి వచ్చినది. 2018 మే 21న నౌక గోవా చేరినది. మొత్తము 254 దినములలో 199 దినములు సముద్రముపైనే గడిచినవి.

నౌకలో జీవనము

తెరచాప నౌక రాత్రియు ఆగదు. సింగరేణి గనులలో కార్మికులు షిఫ్టులవారీగా దిగినట్లే, నౌకలోనూ వంతులవారీగా కాపలా ఉండును. ఒకరు చుక్కాని పట్టగా మరొకరు నిద్రింతురు. వంట, తెరచాపలు కుట్టుట, యంత్రముల మరమ్మతు, అన్నియు ఆ ఆరుగురే చేసుకొనవలెను. గనిలో వలెనే ఇక్కడ కూడ ఒకరి ప్రాణము పక్కవారి మెలకువపై ఆధారపడియుండును. దారిలో వీరు వాతావరణ సమాచారము సేకరించి భారత వాతావరణ విభాగమునకు పంపినారు.

ఫాక్‌లాండ్ దీవులు

దక్షిణ అట్లాంటిక్‌లోని ఈ బ్రిటిష్ పాలిత దీవులను అర్జెంటీనా తనవిగా చెప్పుకొనుచున్నది. జనాభా నాలుగువేల లోపే. గొర్రెల పెంపకము, చేపలవేట ముఖ్య వృత్తులు. ఇక్కడివారు తరతరాలుగా పీట్ అను మట్టిని త్రవ్వి, ఎండబెట్టి వంటచెరకుగా వాడినారు. మొక్కలు కుళ్ళి ఏర్పడు పీట్, బొగ్గు ఏర్పడుటలో తొలి దశ. ఈ దీవులును, రామగుండము, గోదావరిఖని బొగ్గు పొరలు గల గోదావరి లోయయు ఒకప్పుడు గోండ్వానా అను ఒకే మహాఖండములోని భాగములు. ఆనాటి గ్లాసాప్టెరిస్ మొక్కల శిలాజములు రెండుచోట్లను లభించినవి.

గుర్తింపు

బృందము యాత్రలో ఉండగానే 2018 మార్చి 8న నారీశక్తి పురస్కారము ప్రకటింపబడినది. 2017 సంవత్సరపు టెన్జింగ్ నార్గే జాతీయ సాహస పురస్కారము కూడ లభించినది. ఇదే నౌకపై దిల్నా, రూప అను ఇద్దరు అధికారిణులు 2024 అక్టోబరు నుండి 2025 మే వరకు రెండవ పరిక్రమ పూర్తిచేసినారు.

సాధారణ పౌరులకు అవకాశములు

నౌకాదళములో చేరనివారు కూడ కొన్ని దేశములలో చిన్న తెరచాప నౌకలపై స్వచ్ఛంద సిబ్బందిగా పనిచేయుదురు. దూరద్వీపములలోని పొలములలో దినమునకు కొన్ని గంటలు పనిచేసి, జీతమునకు బదులు భోజనము, వసతి పొందువారును గలరు. 1971లో ఇంగ్లాండులో సూ కొపార్డ్ ఆరంభించిన 'వూఫ్' ఉద్యమము సేంద్రియ వ్యవసాయ క్షేత్రములలో ఇట్టి శ్రమసేవకు దారితీసినది. వెళ్ళదలచినవారు వీసా నియమములు, బీమా, నౌకాధిపతి అనుభవము ముందుగా విచారించుకొనుట అవసరము. నడిసముద్రములో మనసు మారినను దిగిపోవుట సాధ్యము కాదు.

సముద్రము లేని తెలంగాణలో కూడ తెరచాప విద్య నేర్వవచ్చును. హైదరాబాదులోని హుసేన్ సాగర్‌లో ఇందుకు శిక్షణ కేంద్రములు గలవు. అచ్చట జాతీయస్థాయి పోటీలు కూడ జరుగును.