ఓటుకు అందని సైన్యం: మయన్మార్‌లో రాజ్యాంగమే కవచం

2021 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున మయన్మార్ సైన్యం అధ్యక్షుడు విన్ మింట్‌ను, ఆంగ్ సాన్ సూకీని నిర్బంధించింది. కొత్త పార్లమెంటు కొలువుదీరవలసింది ఆ రోజే. అయితే సైన్యం రాజ్యాంగాన్ని రద్దు చేయలేదు. తన కోటాలో ఉపాధ్యక్షుడైన మింట్ స్వేను తాత్కాలిక అధ్యక్షుణ్ణి చేసింది. ఆయన 417వ అధికరణ కింద అత్యవసర పరిస్థితి ప్రకటించి, 418వ అధికరణ ప్రకారం అధికారాలన్నీ సర్వసైన్యాధ్యక్షుడు మిన్ ఆంగ్ లైంగ్‌కు అప్పగించారు. రాజీనామా చేయని అధ్యక్షుడు బందీగా ఉండగా ఈ ప్రకటన ఎలా చెల్లుతుందన్న ప్రశ్నకు మాత్రం సమాధానం లేదు.

తిరుగుబాటుకు కూడా రాజ్యాంగాన్నే ఆసరా చేసుకోవడం వింతగా తోచవచ్చు. కానీ ఆ రాజ్యాంగం సైన్యం తన కోసం రాయించుకున్నదే. 2008 మే తొలివారంలో నర్గీస్ తుపాను ఐరావతి డెల్టాను ముంచెత్తింది. మృతులు, గల్లంతైనవారు కలిపి లక్షా 30 వేలకు పైనే. శవాలు ఇంకా నీళ్లలో తేలుతుండగానే, మే 10న దేశంలోని అధిక భాగంలో ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. 92 శాతానికి పైగా ఆమోదం లభించిందని సైనిక ప్రభుత్వం ప్రకటించింది.

ఆ రాజ్యాంగంలోని అసలు కీలకం ఒక చిన్న లెక్క. ఉభయ సభల్లో 664 స్థానాలు ఉండగా, వాటిలో 166 సర్వసైన్యాధ్యక్షుడు నియమించే సైనికాధికారులవి. ప్రజలు ఎన్నుకునేవి 498, అంటే సరిగ్గా 75 శాతం. ముఖ్యమైన అధికరణలను సవరించాలంటే 75 శాతానికి మించి ఓట్లు కావాలి. ఎన్నికైన సభ్యులందరూ ఒక్కటైనా, ఒక్క సైనికాధికారి అయినా కలిసిరాకుంటే సవరణ సాగదు. రక్షణ, హోం, సరిహద్దు వ్యవహారాల మంత్రులు కూడా సైన్యం పేర్కొన్నవారే. పోలీసు యంత్రాంగం హోం శాఖ కిందిది. గ్రామస్థాయి దాకా విస్తరించిన సాధారణ పరిపాలన విభాగం సైతం 2018 చివరి వరకు ఆ శాఖ చేతిలోనే ఉండేది. అంటే పౌర ప్రభుత్వం గెలిచిన తరువాత కూడా ఊళ్లో దాని మాట చెల్లుబాటు కావాలంటే ఒక జనరల్ గారి శాఖ గుండా వెళ్లవలసివచ్చేది.

ఈ గోడకు సందు వెతికిన న్యాయవాది కో ని. విదేశీ పౌరసత్వమున్న సంతానం కారణంగా సూకీ అధ్యక్షురాలు కాకుండా రాజ్యాంగం అడ్డుపడింది. దాంతో 2016లో సాధారణ చట్టం ద్వారా ‘స్టేట్ కౌన్సిలర్’ పదవిని సృష్టించే ఆలోచన ఆయన చేశారు. 2017 జనవరి 29న యాంగూన్ విమానాశ్రయం వెలుపల ఆయనను కాల్చి చంపారు. సైనిక స్థానాలను అంచెలంచెలుగా 5 శాతానికి తగ్గించాలని సూకీ పార్టీ ప్రతిపాదించగా, 2020 మార్చిలో సైనిక సభ్యుల ఓట్లతోనే అది వీగిపోయింది. అదే ఏడాది నవంబరు ఎన్నికల్లో ఆ పార్టీకి 476 స్థానాలకు గాను 396 దక్కాయి. మూడు నెలలు గడవకుండానే తిరుగుబాటు జరిగింది.

సైన్యం బలం చట్టానికే పరిమితం కాదు. ఎంఈహెచ్ఎల్, ఎంఈసీ అనే రెండు సంస్థల ద్వారా బ్యాంకులు, గనులు, సిమెంటు, బీరు వరకు వ్యాపారాలన్నిటిలోకి చొచ్చుకుపోయింది. వాటి కింద వందకు పైగా కంపెనీలు ఉన్నట్లు ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం 2019లో వెల్లడించింది. ఇలా సొంత రాబడి ఉన్న సైన్యాన్ని బడ్జెట్‌తో అదుపు చేయడం ఏ పార్లమెంటుకైనా కష్టమే.

ఈ చరిత్ర తెలుగువారికి మరీ దూరమైనది కాదు. వలస పాలనలో వేలాది తెలుగు కూలీలు బతుకుతెరువు కోసం రంగూన్‌కు ఓడ ఎక్కారు. కోరంగి రేవు పేరుతో వారిని అక్కడ ‘కోరంగీలు’ అనేవారు. 1962లో జనరల్ నే విన్ అధికారం చేజిక్కించుకుని 1963, 64లలో బ్యాంకులను, దుకాణాలను జాతీయం చేశాక భారతీయులు లక్షల సంఖ్యలో ఉన్నదంతా వదిలి తిరిగివచ్చారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు పేరు ఆ రాకకు ఆనవాలు.

మయన్మార్ సైన్యం అధికారిక నామం ‘తత్మడా’. ఇందులో చివరి ‘డా’ రాజుకు, దైవానికి సంబంధించినవాటికి చేర్చే గౌరవ ప్రత్యయం. 2021 తరువాత దేశంలో చాలామంది ఆ మాట పలకడం మానేశారు. గౌరవం లేని, కేవలం సైన్యమనే అర్థమిచ్చే ‘సిత్తత్’ను వాడుతున్నారు. పదాన్ని మార్చినంత సులువుగా పట్టును తప్పించుకోవడం వారి చేతిలో లేదు. 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవను అమల్లోకి తెచ్చాక, 18 నుంచి 35 ఏళ్ల పురుషులు ఆ చట్టం పరిధిలోకి వచ్చారు. ఎందరో యువకులు సరిహద్దులు దాటారు.

సూకీ పార్టీని 2023 మార్చిలోనే రద్దు చేశారు. 2025 డిసెంబరు 28న తొలి విడత పోలింగ్ మొదలైంది. అంతర్యుద్ధం సాగుతున్న అనేక ప్రాంతాల్లో ఓటింగే జరగలేదు. ఆ ఎన్నికలకు ఆధారం కూడా 2008 రాజ్యాంగమే; అందులో సైన్యం వాటా ఇప్పటికీ ఆ 25 శాతమే.