నీళ్లు కాచేది ఎండ... కాపు కాసేది చిప్!

మే నెల మిట్టమధ్యాహ్నం బాత్రూంలో కుళాయి తిప్పి చూడండి. డాబా మీది నల్ల ట్యాంకులోంచి వచ్చే నీళ్లు చెయ్యి పెట్టనివ్వవు. పొయ్యి వెలిగించింది లేదు, కరెంటు కాల్చింది లేదు. అదే డిసెంబరులో అయితే బకెట్‌లో హీటర్ రాడ్ వేసి, 'ఎవరూ ముట్టుకోకండి' అని ఇంటిల్లిపాదికీ కేకలు వేయాల్సిందే. ఎండ ఊరికే ఇచ్చే వేడిని పట్టి ఉంచి, కావాల్సినంతే షవర్‌లోకి వదిలితే? నల్ల పైపు చుట్ట, చిన్న పంపు, మూడు సెన్సర్లు, వాటిని ఆడించే ఓ మైక్రోకంట్రోలర్ ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. ఇంజినీరింగ్ పిల్లలున్న ఇంటికి సెలవుల్లో ఇంతకన్నా మంచి కాలక్షేపం లేదు!

పగలే కాదు... రాత్రీ!

ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలోని బాల్టిమోర్‌కు చెందిన క్లారెన్స్ కెంప్ 1891లోనే 'క్లైమాక్స్' అనే సోలార్ హీటర్‌కు పేటెంటు తీసుకున్నాడు. అద్దం మూత ఉన్న పెట్టెలో నల్లరంగు వేసిన నీటి డబ్బాలు... అంతే. చిక్కల్లా పొద్దుగూకాక నీళ్లూ చల్లారిపోవడమే. 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ కాగే గొట్టాలను, నిల్వ ఉంచే ట్యాంకును విడదీశాడు. ట్యాంకులోని వేడి బయటికి పోకుండా చుట్టూ కప్పేశాడు. రాత్రి పూటా వేడినీళ్లే కాబట్టి దానికి 'డే అండ్ నైట్' అని పేరు.

లెక్క కూడా తేలికే. 20 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 40కి తేవాలంటే యూనిట్‌లో మూడో వంతుకు కాస్త పైన శక్తి కావాలి. మధ్యాహ్నం మంచి ఎండలో చదరపు మీటరు మీద పడేది సుమారు 1000 వాట్లు. అందులో సగం పట్టుకున్నా ముప్పావు గంటలో పని అయిపోతుంది. అరంగుళం నల్ల పైపు 100 మీటర్లు చుడితే లోపల 12 లీటర్లకు పైగా నీళ్లు పడతాయి. వేడినీళ్లు వెళ్లే దారిలో మాత్రం మామూలు పీవీసీ పైపు వద్దు, మెత్తబడిపోతుంది. సీపీవీసీ వాడాలి.

గోరంత చిప్... కొండంత పని

వాషింగ్ మెషీన్ లోపల ఉండి 'ఇప్పుడు నీళ్లు, ఇప్పుడు తిప్పు' అని చెప్పేది మైక్రోకంట్రోలరే. దాన్ని విద్యార్థులు కూడా సులువుగా వాడుకునేలా 2005లో ఇటలీలోని ఇవ్రేయా పట్టణంలో పుట్టిన బోర్డు ఆర్డుయినో. ఒక సెన్సర్ పైపు చుట్ట దగ్గర, రెండోది ట్యాంకు అడుగున పెడతారు. పైపులో వేడి ట్యాంకు కన్నా 8 డిగ్రీలు ఎక్కువైతే పంపు ఆన్. తేడా 3 డిగ్రీలకు తగ్గితే ఆఫ్. రెండింటికీ ఒకే అంకె పెడితే? మబ్బు వచ్చిపోయినప్పుడల్లా పంపు టకటకా ఆగుతూ, తిరుగుతూ నాలుగు రోజుల్లో పాడవుతుంది. పంపును నేరుగా బోర్డుకు తగిలించకూడదు. మధ్యలో రిలే ఉండాలి. పంపు, బోర్డు అన్నీ చిన్న సోలార్ ప్యానెల్, 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తాయి కాబట్టి తడి చేతులతో 230 వోల్టుల భయం లేదు.

-127 డిగ్రీలా?!

అసలు భయం వేడినీళ్లతోనే. 60 డిగ్రీల నీళ్లు ఒంటి మీద పడితే 5 సెకన్లలో చర్మం తీవ్రంగా కాలిపోతుంది. పసిపిల్లల విషయంలో అంత సమయం కూడా పట్టదు. అందుకే మూడో సెన్సర్ షవర్ దగ్గర. అక్కడ 42 డిగ్రీలు దాటగానే వేడినీటి వాల్వు మూసుకోవాలి.

ఇక్కడే ఓ గమ్మత్తు ఉంది. ఈ పనికి ఎక్కువగా వాడే డీఎస్18బీ20 సెన్సర్ వైరు ఊడిపోతే, దానికోసం అందరూ వాడే ప్రోగ్రామ్ చూపే అంకె -127. చిప్‌కు అది అంకె మాత్రమే. 'అమ్మో, నీళ్లు మరీ చల్లగా ఉన్నాయి' అనుకుని వేడినీళ్లను బార్లా తెరిచేస్తుంది! అందుకే నమ్మశక్యం కాని అంకె కనిపిస్తే వాల్వు మూసేయమని ప్రోగ్రామ్‌లో ముందే రాయాలి. కరెంటు లేనప్పుడు దానంతటదే మూసుకునే రకం వాల్వు కొనాలి. అందులోనూ కొన్ని వాల్వులు 2 మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడి లేనిదే తెరుచుకోవు. ట్యాంకు ఎత్తు చూసుకుని ఎంచుకోవాలి. చిప్ మొరాయించినా ఆదుకునే మెకానికల్ మిక్సింగ్ వాల్వు కూడా ఒకటి ఉండాలి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. పిల్లలు స్నానం చేసే చోట ఆ ఖర్చు తగ్గించుకోవడం తెలివితక్కువ పని.

వేడి తగ్గించి 40 డిగ్రీల దగ్గరే నిల్వ చేస్తే సరిపోదా అంటే... అదీ కుదరదు. 20 నుంచి 45 డిగ్రీల నిల్వనీళ్లలో లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. షవర్ తుంపర్లతో పాటు ఊపిరితిత్తుల్లోకి చేరితే న్యుమోనియా తెస్తుంది. నీళ్లు 60 డిగ్రీలకు చేరితే అది బతకడం కష్టం. కాబట్టి నిల్వ వేడిగా, షవర్ గోరువెచ్చగా. ట్యాంకు లేకుండా ఒట్టి పైపు చుట్టతో సరిపెట్టుకునేవాళ్లు ఏ రోజు నీళ్లు ఆ రోజే వాడేయాలి. ఊరెళ్లి వచ్చాక పైపులో మిగిలిన నీళ్లన్నీ బకెట్‌లోకి వదిలేసి, ఆ తర్వాతే షవర్ కింద నిలబడాలి. ఆ బకెట్ నీళ్లు మొక్కలకు పోయొచ్చు... చల్లారాక!