దైవపిలుపు, శిక్షణ, ధ్రువీకరణ: అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ జీవితం – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: దైవసేవకు తనకు పిలుపు అందిందని ఒక వ్యక్తి భావించినప్పుడు, అది నిజమని తేల్చేది అతని అంతరాత్మా, శిక్షణ ఇచ్చిన సంస్థా, సేవ పొందిన ప్రజలా అన్నది క్రైస్తవ వేదాంతంలో మౌలికమైన ప్రశ్న. యేసు సభలో శిక్షణ పొంది, ఆ సభను విడిచి, అనంతపురం కరవు సీమలో నాలుగు దశాబ్దాలు పనిచేసిన విన్సెంట్ ఫెర్రర్ (1920–2009) జీవితం ఆధారంగా ఈ ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: దైవపిలుపు, ధ్రువీకరణ, యేసు సభ, ఇగ్నేషియస్ లొయోలా, అనంతపురం.

1. శిక్షణ క్రమం

1540లో పోపు ఆమోదం పొందిన యేసు సభ, గురువుల శిక్షణను గ్రంథవిద్యకే పరిమితం చేయలేదు. మొదటి రెండేళ్ల నొవిషియేట్‌లో అభ్యర్థికి ఆరు పరీక్షలు ఉంటాయి. అవి నెల రోజుల ధ్యానం, ఆసుపత్రిలో రోగుల సేవ, చేతిలో డబ్బు లేకుండా యాత్ర, అతి సామాన్యమైన ఇంటిపనులు, పిల్లలకు మతబోధ, ప్రసంగం. తరువాత తొలి వ్రతాలు, తత్త్వశాస్త్రం, క్షేత్రానుభవం, వేదాంత విద్య, గురుపట్టాభిషేకం వరుసగా వస్తాయి. గురుపట్టం పొందిన తరువాత కూడా మరొక పరిశీలన దశ ఉంటుంది. తుది వ్రతాలు ఆ తరువాతనే. అంటే, ఈ సంప్రదాయంలో పిలుపును పరీక్షించడం పట్టంతో ముగియదు.

2. ధ్రువీకరణ భావన

ఇగ్నేషియస్ లొయోలా రచించిన 'ఆధ్యాత్మిక సాధనలు' గ్రంథంలో జీవన మార్గాన్ని ఎంచుకునే పద్ధతి ఉంది. సాధకుడు మొదట మొగ్గు లేని మనఃస్థితికి రావాలి. మేలు కీడులు తూచి నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయాన్ని ప్రార్థనలో దేవుని ముందుంచి, దానిని ధ్రువీకరించమని వేడుకోవాలి. ఇక్కడ నిర్ణయం ముందు, ధ్రువీకరణ తరువాత. అదే గ్రంథం ఎంపికలను మార్చుకోదగినవి, మార్చుకోరానివి అని విభజించి, గురుత్వాన్నీ వివాహాన్నీ రెండవ కోవలో చేర్చింది. ఫెర్రర్ జీవితంలోని చిక్కు ఇక్కడే ఉంది.

3. మన్మాడ్ నుండి అనంతపురానికి

బార్సిలోనాలో జన్మించిన ఫెర్రర్ స్పెయిన్ అంతర్యుద్ధంలో రిపబ్లికన్ పక్షాన పోరాడాడు. 1944లో న్యాయశాస్త్ర విద్యను వదిలి యేసు సభలో చేరాడు. 1952లో భారతదేశానికి వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతుల మధ్య పనిచేశాడు. 1968లో ఆయనను దేశం విడిచి వెళ్లమని ఆదేశించినప్పుడు వేలాది రైతులు నిరసనగా కదిలారు. ఇందిరా గాంధీ జోక్యంతో ఆయన తిరిగి రాగలిగాడు. 1969లో అనంతపురం చేరి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును స్థాపించాడు. 1970లో సభను విడిచి, ఆన్ పెర్రీని వివాహమాడాడు.

సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే సీమ అది. పడమటి కనుమలు నైరుతి రుతుపవనాలకు అడ్డు. తూర్పు తీరం దూరం కావడంతో ఈశాన్య రుతుపవనాలూ బలహీనపడే చేరతాయి. ఇటువంటి చోట బావులు, ఇళ్లు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి ఆ సంస్థ పనికి గుర్తులయ్యాయి. 2009 జూన్ 19న ఆయన అనంతపురంలో మరణించాడు. సమాధి బత్తలపల్లిలో ఉంది.

4. చర్చ

ఈ జీవితానికి రెండు సులభమైన తీర్పులు చెప్పవచ్చు. మార్చుకోరాని ఎంపికను మార్చుకున్నాడు కాబట్టి పిలుపు విఫలమైందన్నది ఒకటి. ఇంత పని జరిగింది కాబట్టి పిలుపు రుజువైందన్నది మరొకటి. మొదటిది పిలుపునూ పదవినీ ఒకటిగా చూస్తుంది. రెండవది ఫలితాన్నే సాక్ష్యంగా తీసుకుంటుంది. ఆసుపత్రిని ప్రభుత్వమైనా కట్టగలదు. అందువల్ల అది ఒక వ్యక్తి పిలుపుకు రుజువు కాజాలదు. ప్రజల ఆదరణ ఎంత గొప్పదైనా సంఘం ఇవ్వవలసిన గుర్తింపుకు ప్రత్యామ్నాయం కాదు. సభను విడవడంతో గురువుగా ఆయన అధికారిక పరిచర్య ముగిసిందన్న వాస్తవం అలాగే నిలుస్తుంది.

అయితే ధ్రువీకరణ నిర్ణయం తరువాత వస్తుందన్న ఇగ్నేషియస్ క్రమాన్ని అనుసరిస్తే, పరిశీలించవలసింది విజయాన్ని కాదు, నిలకడను. కరవు సహాయం సాధారణంగా కరవుతో మొదలై వానతో ముగుస్తుంది. ఫెర్రర్ వాన పడిన ఏడూ పడని ఏడూ అక్కడే ఉన్నాడు. రోగుల సేవ, సామాన్యమైన పని వంటి నొవిషియేట్ పరీక్షలు అనంతపురంలో జీవితకాల విధులయ్యాయి.

ముగింపు

శిక్షణ పిలుపును కల్పించదు. దాన్ని పరీక్షించే అలవాటును మాత్రం నేర్పుతుంది. ఫెర్రర్ ఆ శిక్షణను ఇచ్చిన సంస్థను విడిచినా, ఆ అలవాటు ఆయన పనిలో కనిపిస్తుంది. గురుత్వం విషయంలో ఆయన నిర్ణయం వేదాంతపరంగా వివాదాస్పదంగానే మిగులుతుంది. సేవ విషయంలో మాత్రం నలభై ఏళ్ల నిలకడ, ధ్రువీకరణ అనే భావనను ఒక క్షణంలో కలిగే అనుభూతిగా కాక, కాలంతో తేలే విషయంగా అర్థం చేసుకోవడానికి అవకాశమిస్తుంది.