డెబ్బై రెండు గంటల గడువు

నయా రాయపూర్‌లో ఒక ఆసుపత్రి వార్డు అనుకోండి. నైట్ డ్యూటీలో ఉన్న నర్సు రక్తం తీసి, సూదికి మళ్లీ మూత పెట్టబోయింది. వేలికి గుచ్చుకుంది. ఆ రోగికి హెచ్ఐవీ ఉందో లేదో తెలియదు. చేయి కడుక్కుని, తెల్లారాక చూద్దాంలే అనుకుంది. ఎవరికైనా చెబితే ఏమనుకుంటారోనన్న బెరుకు కూడా తోడైంది. అసలు ప్రమాదం ఆ ‘చూద్దాంలే’లోనే ఉంది.

హెచ్ఐవీ ఒంట్లోకి చొరబడిన క్షణంలోనే పాతుకుపోదు. ముందు దొరికిన కొన్ని కణాల్లో చేరి, రెండు మూడు రోజుల్లో లింఫ్ గ్రంథులకు పాకి, అక్కడ వేలకొద్దీ పెరుగుతుంది. మన కణాల డీఎన్ఏలో ఒకసారి స్థిరపడిందంటే దాన్ని పూర్తిగా తుడిచేసే మందు ఇవాళ్టికీ లేదు. చెరువు గట్టుకు గండి పడగానే మట్టి బస్తాలు వేయాలి. పొలాలు మునిగాక వేసి లాభం లేదు.

ఆ బస్తాల్లాంటిదే ‘పెప్’ అనే చికిత్స. మన దేశంలో సాధారణంగా టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్ర ఇస్తారు. మొదటి రెండూ వైరస్ తన నకలు తీసుకోకుండా ఆపుతాయి. మూడోది డీఎన్ఏలో దూరకుండా అడ్డుపడుతుంది. రోజుకొకటి చొప్పున 28 రోజులు, ఒక్క పూట తప్పకుండా వేసుకోవాలి. మొదటి మాత్ర రెండు గంటల్లోపు పడితే మేలు. 72 గంటలు దాటాక దానివల్ల ప్రయోజనం ఉండదు.

ఇది ఉత్త ఆశ కాదు. సూది గుచ్చుకున్న ఆసుపత్రి సిబ్బందిపై జరిగిన ఒక అధ్యయనం 1997లో వెలువడింది. జిడోవుడిన్ అనే ఒక్క మందు వాడినవారిలోనే ముప్పు సుమారు 81 శాతం తగ్గినట్టు అందులో తేలింది. సూది గుచ్చుకుందనగానే బెంబేలు పడనక్కర్లేదు కూడా. హెచ్ఐవీ ఉన్నవారి రక్తమంటిన సూది గుచ్చుకున్నా, మందు లేకుండానే, సోకేది వెయ్యిమందిలో ముగ్గురికి.

గుచ్చుకోగానే సబ్బుతో, ధారగా పారే నీళ్లతో కడగాలి. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, బ్లీచింగ్ పోయకూడదు. కంట్లో పడితే నీళ్లతో బాగా కడగాలి. వెంటనే పై అధికారికి చెప్పి డాక్టర్ని కలవాలి. నయా రాయపూర్ నుంచి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, రాయపూర్ వాసులు ‘మేకాహారా’ అని పిలుచుకునే అంబేడ్కర్ ఆసుపత్రి ఉంది. రాత్రయితే క్యాజువాలిటీకి వెళ్లాలి. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలకు రక్తం ఇవ్వాలి కానీ, ఫలితం వచ్చేదాకా మొదటి మాత్ర ఆపకూడదు. ఆ రోగికి హెచ్ఐవీ లేదని తేలితే మందు మాన్పించాలో లేదో డాక్టరే చెబుతారు. ఆ తర్వాత ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు మళ్లీ పరీక్షలు. అంతవరకు కండోమ్ వాడాలి, రక్తదానం చేయకూడదు.

ఇది ఆసుపత్రి సిబ్బంది ఒక్కరి సంగతే కాదు. లైంగిక దాడికి గురైనవారికీ ఈ గంటలు అంతే విలువైనవి. ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటుదైనా వారికి ఉచితంగా చికిత్స చేసి తీరాలని చట్టం చెబుతోంది. ఎవరి హెచ్ఐవీ వివరాలనైనా గోప్యంగా ఉంచాలని 2017 నాటి హెచ్ఐవీ చట్టం ఆదేశిస్తోంది. సందేహముంటే 1097కి ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మీకైనా, మీ ఇంట్లోవారికైనా అలాంటిది జరిగితే ముందు గడియారం చూడండి. సిగ్గుపడటానికి, బాధపడటానికి తర్వాత చాలా సమయం ఉంటుంది. మాత్రకు మాత్రం మూడు రోజులే గడువు.