కొత్త దేశం, కొత్త బడి - వలస పిల్లలు ఎలా నిలదొక్కుకుంటారు?

హాస్టల్లో అడుగుపెట్టిన మొదటి వారాన్ని మనలో ఎవరమూ మరచిపోలేదు. కొత్త ముఖాలు, గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం, రాత్రిళ్ళు అమ్మ గుర్తుకు రావడం. అయినా మనలో చాలామందికి తరగతిలో వినిపించింది తెలిసిన భాషే. ఊరు కాదు, దేశమే మారిపోయి, టీచరు చెప్పే ఒక్క మాట కూడా అర్థంకాని తరగతిలో కూర్చోవలసి వస్తే? ప్రపంచంలో లక్షలాది వలస కుటుంబాల పిల్లల పరిస్థితి ఇదే. వారు ఎలా చదువుకుంటున్నారో తెలుసుకుందాం.

అందరికీ ఒకే పుస్తకం ఇస్తే సమానత్వమేనా? అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ఈ ప్రశ్న కోర్టుకెక్కింది. 1970 దశకం మొదట్లో అక్కడి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు రాని చైనా సంతతి పిల్లలు 2,856 మంది ఉండేవారు. వారిలో సుమారు 1,000 మందికే ఇంగ్లీషు నేర్పే అదనపు పాఠాలు అందేవి. మిగిలిన 1,800 మందికి పైగా పిల్లలు రోజూ బడికి వచ్చి, అర్థంకాని పాఠాలు విని ఇంటికి పోయేవారు. వారి తరఫున వేసిన దావాలో కింది కోర్టులు రెండూ పిల్లలకు వ్యతిరేకంగానే తీర్పు చెప్పాయి. చివరకు 1974 జనవరి 21న సుప్రీంకోర్టు 'లౌ వర్సెస్ నికోల్స్' కేసులో ఏకగ్రీవంగా వారి పక్షాన నిలిచింది. భాషే తెలియని పిల్లలకు అవే పుస్తకాలు, అదే టీచరు, అదే గది ఇచ్చినంత మాత్రాన సమాన అవకాశం ఇచ్చినట్టు కాదని తేల్చింది. దీనికి 1964 నాటి పౌరహక్కుల చట్టం ఆధారమైంది.

1982లో అదే కోర్టు మరో తీర్పు ఇచ్చింది. అనుమతి పత్రాలు లేకుండా వచ్చిన కుటుంబాల పిల్లలకైనా ప్రభుత్వ బడిలో ఉచిత చదువు నిరాకరించరాదని 5-4 మెజారిటీతో చెప్పింది. బడి తలుపు తెరుచుకుంది. మరి లోపలికి వెళ్ళాక?

కెనడాకు చెందిన విద్యావేత్త జిమ్ కమిన్స్ ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గుర్తించారు. ఆటస్థలంలో మాట్లాడే భాష వేరు, పాఠం చదివి పరీక్ష రాసే భాష వేరు. మొదటిది సుమారు 2 ఏళ్ళలో వచ్చేస్తుంది. రెండోది తోటివారి స్థాయికి చేరడానికి 5 నుంచి 7 ఏళ్ళు పట్టవచ్చు. ఈ తేడా తెలియక, గలగలా మాట్లాడే పిల్లవాడు పరీక్షలో వెనుకబడితే మొద్దు అనో, సోమరి అనో ముద్ర వేస్తారు. నిజానికి అతనికి కావలసింది కొంచెం సమయం, తగిన సాయం.

ఇంటి భాషను మరిచిపోవడం కూడా పరిష్కారం కాదు. సొంత భాషలో భిన్నాలు నేర్చుకున్న పిల్లవాడు కొత్త దేశంలో వాటిని మళ్ళీ మొదటినుంచి నేర్చుకోనక్కరలేదు. కొత్త పేర్లు తెలిస్తే చాలు. న్యూయార్కు నగరంలో లాగార్డియా కమ్యూనిటీ కళాశాల దగ్గర 1985లో మొదలైన ఇంటర్నేషనల్ హైస్కూలు ఈ పద్ధతినే పాటించింది. దేశానికి కొత్తగా వచ్చిన పిల్లల కోసమే పెట్టిన బడి అది. లెక్కలు, సైన్సు చెప్పే టీచర్లు కూడా పాఠంతో పాటే ఇంగ్లీషు నేర్పుతారు. పిల్లలు జట్లుగా కూర్చుని, అవసరమైతే తమ భాషలోనే చర్చించుకుంటారు.

15 ఏళ్ళ విద్యార్థులకు 2003లో జరిపిన పీసా పరీక్షల ఆధారంగా ఓఈసీడీ సంస్థ 2006లో ఒక నివేదిక ప్రచురించింది. చదువుపై ఆసక్తిలో వలస పిల్లలు స్థానికుల కంటే తక్కువేమీ కాదని అందులో తేలింది. అయినా చాలా దేశాల్లో వారి మార్కులు వెనుకబడ్డాయి. కెనడా, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో మాత్రం ఆ తేడా చాలా తక్కువ. తేడా తక్కువగా ఉన్న దేశాల్లో భాష నేర్పే కార్యక్రమాలు స్పష్టమైన లక్ష్యాలతో, స్థిరంగా నడిచేవి. అంటే లోపం పిల్లల పట్టుదలలో లేదు, అందే సాయంలో ఉంది.

మిత్రులారా, ఇది ఎక్కడో విదేశాల సంగతి అనుకోవద్దు. తండా నుంచి, గూడెం నుంచి వచ్చే తమ్ముళ్ళు ఇంట్లో లంబాడీయో, కోయో మాట్లాడి ఇక్కడ తెలుగు పాఠం వింటారు. తెలుగు మీడియంలో చదివినవారు ఇంగ్లీషు మీడియంలో చేరి నోరు విప్పడానికి భయపడతారు. వారి ఉచ్చారణను చూసి నవ్వకుండా, సాయంత్రం స్టడీ అవర్లో పక్కన కూర్చుని, వారికి తెలిసిన మాటల్లో ఒక్క పాఠం చెబుదాం. సెలవుల్లో వచ్చే పూర్వ విద్యార్థులైన అన్నలూ, అక్కలూ కూడా ఒక గంట కేటాయించాలని కోరుతున్నాం. అందరికీ ఒకే పుస్తకం అందింది, సంతోషం. ఆ పుస్తకం అందరికీ అర్థమయ్యేలా చూడటం మనందరి బాధ్యత.